రాయి వయసు కన్నా ముందు దాని వరస

పాత సముద్రాల అడుగున పేరుకుని రాయిగా మారిన బురద గురించి నేను ఎక్కడ మాట్లాడినా, వినేవారిలో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "కార్బన్ డేటింగ్ చేయించారా?" చేయించలేదనీ, ఆ పద్ధతి ఇక్కడ పనికిరాదనీ చెప్పగానే నా మాట మీద వారికి నమ్మకం కొంత సన్నగిల్లడం కనిపిస్తుంది. కార్బన్-14 అర్ధాయువు 5,730 సంవత్సరాలు. సుమారు 50 వేల ఏళ్లు దాటిన పదార్థంలో కొలవదగినంత కార్బన్-14 మిగలదు. ఆరు కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయికి ఆ గడియారం ఏమీ చెప్పలేదు. మరి వయసు ఎలా తెలిసిందంటే, రాయిని నానబెట్టి, కడిగి, జల్లించి, చివరకు మిగిలిన కంటికి ఆనని గుల్లలను బట్టి తెలిసిందని చెబుతాను. అప్పుడు ఇంకొంచెం లోతుగా ఆలోచించేవారు మరో ప్రశ్న వేస్తారు. శిలాజం వయసు అది దొరికిన రాయిని బట్టి, ఆ రాయి వయసు మళ్ళీ అందులోని శిలాజాన్ని బట్టి చెబుతున్నారు కదా, ఇది చుట్టూ తిరిగి మొదటికే రావడం కాదా?

ఈ రెండో ప్రశ్న మంచి ప్రశ్న. దీనికి "నిపుణులకు తెలుసు" అన్న జవాబు చాలదు. సూక్ష్మశిలాజాలతో పొరల కాలాన్ని నిర్ణయించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కనుక, ఈ పద్ధతి ఎందుకు నమ్మదగినదో, ఏ షరతుల మీద నమ్మదగినదో వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నా వాదన ఒక్కటే. అవక్షేప శిలల విషయంలో మొదట అడగవలసింది "ఎన్ని సంవత్సరాలు?" అని కాదు, "దేనికి ముందు, దేనికి తరువాత, మరెక్కడి పొరతో సమకాలం?" అని. ఈ ప్రశ్నకు శిలాజం ఇచ్చే సమాధానాన్ని ఏ యంత్రమూ పూర్తిగా ఇవ్వలేదు. సంవత్సరాల అంకె ఆ వరస మీద తరువాత వచ్చి కూర్చుంటుంది.

చరిత్ర కూడా ఈ క్రమంలోనే నడిచింది. కదలకుండా ఉన్న దొంతరలో అడుగు పొర ముందుదనీ పై పొర తరువాతదనీ నికోలస్ స్టెనో 1669లోనే రాశాడు. ఇంగ్లండులో కాలువల తవ్వకానికి సర్వే చేస్తూ తిరిగిన విలియం స్మిత్, చూపులకు ఒకేలా ఉన్న రెండు బంకమట్టి పొరలను వాటిలోని శిలాజాలను బట్టి వేరుచేయవచ్చని గమనించి, ఆ ఆధారంతోనే 1815లో ఇంగ్లండు, వేల్స్‌ల భూగర్భ పటాన్ని అచ్చు వేయించాడు. అప్పటికి రేడియోధార్మికత ఎవరికీ తెలియదు. అది బయటపడింది 1896లో. డార్విన్ గ్రంథం 1859 నాటిది. అంటే స్మిత్ చేతిలో సంవత్సరాల అంకె లేదు, పరిణామ సిద్ధాంతమూ లేదు. ఆయన చేతిలో ఉన్నదల్లా తవ్విన గట్టులో కళ్ళెదుట కనిపించే వరస: ఈ రకం గవ్వలు ఎప్పుడూ ఆ రకానికి కిందనే ఉంటాయి, మరో లోయలో చూసినా అంతే, అక్కడికి వంద మైళ్ల దూరంలో చూసినా అంతే. శిలాజాల క్రమం శిలాజాల నుంచి ఊహించినది కాదు, పొరల దొంతర నుంచి చదివినది. తర్కం వృత్తంలా తిరుగుతోందని అనేవారు ఈ మొదటి మెట్టును గమనించరు. ఒక గట్టులో వరస నేర్చుకుంటాం. ఆ వరసను మరో గట్టులో పరీక్షిస్తాం. రెండో చోట అది తలకిందులుగా కనిపిస్తే మన వరస తప్పని ఒప్పుకోవాలి, లేదా అక్కడి పొరలే ముడతపడి తిరగబడ్డాయని వేరే ఆధారాలతో రుజువు చేయాలి. తప్పని తేలే అవకాశమున్న మాటను వృత్త తర్కం అనలేం.

స్మిత్ తరువాత జర్మనీలో ఆల్బర్ట్ ఓపెల్ 1856-58 మధ్య జురాసిక్ పొరలను జోన్లుగా విభజించాడు. రాయి ఇసుకదా, సున్నపుదా, బంకదా అన్నదానితో నిమిత్తం లేకుండా, ఏయే జీవజాతులు కలిసి కనిపిస్తాయన్న దానినిబట్టి కాలాన్ని ముక్కలు చేయడం ఆయన వేసిన పెద్ద అడుగు. రాయి రూపం మనల్ని ఎంతగా మోసం చేస్తుందో తెలిస్తే ఈ అడుగు విలువ అర్థమవుతుంది. సముద్రం మెల్లగా భూమి మీదికి చొచ్చుకొస్తున్నప్పుడు తీరపు ఇసుక కూడా దానితోపాటే లోపలికి జరుగుతుంది. లక్షల ఏళ్ల తరువాత చూస్తే అది ఎడతెగని ఒకే ఇసుకరాయి పొరలా ఉంటుంది. కానీ దాని సముద్రం వైపు కొస ముందు ఏర్పడింది, భూమి వైపు కొస చాలా తరువాత ఏర్పడింది. ఆ పొర వెంట వేలుపెట్టి నడిచేవాడు తనకు తెలియకుండానే కాలంలో ముందుకు నడుస్తున్నాడు. రంగును, గరుకుదనాన్ని బట్టి రెండు బావుల్లోని ఇసుకరాళ్లను జతపరిచేవారు చేసే పొరపాటు సరిగ్గా ఇదే.

పెద్ద శిలాజాలతో జరిగే పనిని సూక్ష్మశిలాజాలకు ఎందుకు అప్పగించవలసి వచ్చిందంటే ప్రధాన కారణం బోరుబావి. బావి తవ్వే బిట్టు రాతిని కొన్ని మిల్లీమీటర్ల ముక్కలుగా చేసి బురదతో పైకి పంపుతుంది. అరచేయంత అమ్మొనైటు (చుట్టలు తిరిగిన పాత సముద్రజీవి గుల్ల) ఆ ప్రయాణంలో పొడి అయిపోతుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉండే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవి గుల్ల మాత్రం చెక్కుచెదరకుండా వస్తుంది, అదీ చెంచాడు మట్టిలో వందలుగా వస్తుంది. అమెరికాలోని టెక్సాస్, లూసియానా తీరప్రాంతంలో చమురు బావులు తవ్వుతున్న 1920ల తొలినాళ్లలో ఎస్తర్ ఆప్లిన్, ఆల్వా ఎల్లిసర్, హెడ్విగ్ నైకర్ అనే ముగ్గురు మహిళలు ఈ పనిని వాడుకలోకి తెచ్చారు. ఫొరామినిఫెరాతో పొరల వయసు చెప్పవచ్చని ఆప్లిన్ 1921లో ఒక శాస్త్రసభలో ప్రతిపాదించినప్పుడు, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన పిల్ల చెప్పే మాటగా దాన్ని తీసిపారేశారు. 1925లో ఆ ముగ్గురూ కలిసి ఆ తీరమంతటి భూగర్భ పొరల క్రమాన్ని ప్రచురించారు. వెక్కిరింపుకు అంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు. బావి తవ్వకం అంటే పందెం. తప్పు పొర చెబితే డబ్బు మట్టిలో కలుస్తుంది. అలాంటి చోట ఈ పద్ధతి నిలిచిందంటే, దాని ముందస్తు అంచనాలు బావి తరువాత బావిలో నిజమవుతూ వచ్చాయి కనుకనే నిలిచింది.

ఈ జీవులు ఒక్క రకం కావు, ఒక్క పదార్థంతో చేసినవీ కావు. ఫొరామినిఫెరా ఏకకణ జీవులు. చాలావాటి గుల్ల సున్నంతో ఉంటుంది. కోకోలిత్‌లు నీటిపైన తేలే సూక్ష్మ శైవలాల ఒంటి మీది సున్నపు బిళ్లలు, 2 నుంచి 10 మైక్రాన్లు మాత్రమే. రేడియోలేరియా, డయాటమ్‌లు అనే మరో రెండు రకాల ఏకకణ జీవులు సిలికాతో గుల్లలు కట్టుకుంటాయి. పుప్పొడి, సిద్ధబీజాలు, డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవుల తిత్తులు ఆమ్లానికి కూడా లొంగని సేంద్రియ పదార్థం. లోతైన సముద్రంలో ఒక హద్దు దాటితే సున్నం నీటిలో కరిగిపోతుంది. అక్కడ ఫొరామినిఫెరా వెతికి లాభం లేదు, రేడియోలేరియాను అడగాలి. నది ఒడ్డున పేరుకున్న మట్టిలో ఈ రెండూ ఉండవు, పుప్పొడే దిక్కు. పుప్పొడికి ఇంకో గుణముంది. గాలితో సముద్రంలోకి, నీటితో చెరువులోకి రెండు వైపులా చేరుతుంది కనుక, నేల మీది పొరనూ సముద్రపు పొరనూ కలిపే వంతెన తరచుగా అదే అవుతుంది.

పని దగ్గరి నుంచి ఎలా ఉంటుందో చెప్పకపోతే ఈ వాదన గాలిలో ఉండిపోతుంది. పిడికెడు మార్ల్ రాయిని (సున్నం, బంకమట్టి కలిసి గట్టిపడినది) చిన్న ముక్కలుగా కొట్టి, ఎండబెట్టి, పలుచని హైడ్రోజన్ పెరాక్సైడులో నానబెడతాం. కొన్ని గంటల్లో అది సన్నగా బుసబుసమని పొంగి, రాయి బురదగా విడిపోతుంది. దాన్ని 63 మైక్రాన్ల జల్లెడలో సన్నని నీటిధార కింద, నీరు తేటగా దిగేదాకా కడగాలి. బంక అంతా పోయాక జల్లెడ అడుగున బూడిదరంగు ఇసుకలాంటిది కొంచెం మిగులుతుంది. ఆరబెట్టి, గళ్లు గీసిన నల్లని పళ్లెంలో పలుచగా చల్లి సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ ఇసుక ఇసుక కాదని తెలుస్తుంది. చిన్న చిన్న బుడగలను సర్పిలంగా అతికించినట్టు ఉండే గ్లోబిజెరినాలు, అంచు చుట్టూ ముళ్లతో శంకువులా ఉండే మొరొజొవెల్లాలు, గాజు గొట్టాల్లాంటి అడుగునేల జీవులు అందులో కనిపిస్తాయి. మూడు సున్నాల అంకె ఉన్న కుంచె కొసను తడిచేసి ఒక్కొక్కదాన్ని ఎత్తి జిగురు రాసిన స్లైడు మీద గడిలో పెట్టాలి. చేయి వణికితే కోట్ల ఏళ్లు ఓపిక పట్టిన గుల్ల నేలమీద ఎక్కడో పడిపోతుంది.

కోకోలిత్‌లకు ఇంత తతంగం అక్కరలేదు. పుల్ల కొసతో తీసిన రవ్వంత మట్టిని నీటి చుక్కలో కలిపి గాజు పలక మీద పూసి, ఆరనిచ్చి, ధ్రువీకరించిన కాంతిలో వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తే, నల్లని నేపథ్యంలో ఒక్కో బిళ్లా నల్ల శిలువ గుర్తుతో వెలుగుతుంది. ఆ శిలువ భుజాలు ఎటు వంగాయో, మధ్యలో వంతెన ఉందో లేదో చూసి జాతి చెబుతాం. ఇవే నీళ్లలో ఒకప్పుడు నక్షత్రాల ఆకారంలో డిస్కోస్టర్లు ఉండేవి. వాటిలో చివరిది సుమారు 19 లక్షల ఏళ్ల కిందట అంతరించింది. సముద్రపు అడుగు నుంచి తీసిన మట్టిలో కింది నుంచి పైకి వస్తూ, ఇక నక్షత్రాలు కనిపించని చోట ఆగితే, అట్లాంటిక్‌లోనైనా పసిఫిక్‌లోనైనా దాదాపు అదే కాలం దగ్గర ఆగుతాం. పది నిమిషాల్లో పూర్తయ్యే పని ఇది. ఓడ మీద మట్టి పైకి రాగానే మొదటి వయసు వీటితోనే చెప్పడానికి కారణం ఆ వేగం.

ఇక నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. విద్యార్థిగా ఉన్న రోజుల్లో, ఇయోసీన్ (సుమారు 5.6 నుంచి 3.4 కోట్ల ఏళ్ల కిందటి) కాలపు మార్ల్ అని అందరూ ఒప్పుకున్న పొర నుంచి తీసిన నమూనాలో నాకు ఒక నున్నని గోళం కనిపించింది. చుట్టూ మొరొజొవెల్లాలు, వాటి మధ్య ఒక్కటే, ముత్యంలా, ఒళ్లంతా సన్నని రంధ్రాలతో ఉంది. అది ఆర్బులినా. ఆ జీవి సుమారు కోటిన్నర ఏళ్ల కిందట, మయోసీన్‌లో మొదటిసారి కనిపిస్తుంది. అంతకుముందు దాని పూర్వీకుల్లో చివరి గది ఒక్కో మెట్టుగా పెరుగుతూ పాత గదులను కప్పేయడం, చివరకు పూర్తిగా మింగేసి గోళం కావడం పొర పొరలో చూడవచ్చు. మొరొజొవెల్లాలేమో ఇయోసీన్‌లోనే ఆగిపోతాయి. రెండూ ఒకే నీటిలో బతికే అవకాశం లేదు. రెండు రోజులు నేను ఆ పొర వయసే తప్పేమోనని లెక్కలు వేశాను. మూడో రోజు ప్రయోగశాల పుస్తకం తిరగేస్తే, అదే జల్లెడలో నాకు ముందు వేరొకరు మయోసీన్ నమూనా కడిగినట్టు తేలింది. తీగల మధ్య ఇరుక్కున్న గుల్ల ఒకటి నా నమూనాలోకి జారింది. అప్పటినుంచి, ఈ పనిలో అందరూ పాటించవలసిన జాగ్రత్తను నేను ఒక్కసారి కూడా వదలలేదు: ప్రతి నమూనాకూ ముందు జల్లెడను మిథిలీన్ బ్లూ ద్రావణంలో ముంచాలి. పాత గుల్ల ఏదైనా మిగిలి ఉంటే నీలంగా మారుతుంది. తరువాతి పళ్లెంలో నీలి గుల్ల కనిపిస్తే అది ఈ రాతిది కాదని తెలిసిపోతుంది.

ఆ రెండు రోజులు నాకు నేర్పినది జల్లెడ శుభ్రత ఒక్కటే కాదు. ఆ గోళం అక్కడ ఉండకూడదని నాకు ఎలా తెలిసింది? వేల చోట్ల, వేల మంది చూసిన వరసలో ఆ రెండూ ఎన్నడూ కలిసి కనిపించలేదు కనుక తెలిసింది. పద్ధతి వృత్తమే అయితే, ఏది దొరికితే దానికి తగ్గట్టు వయసు మార్చుకుంటూ పోవచ్చు, ఏ గుల్లా తప్పుగా అనిపించదు. తప్పు వెంటనే తప్పుగా కనిపించిందంటే ఆ వరసకు నా ఇష్టంతో నిమిత్తం లేని గట్టిదనం ఉందనే అర్థం.

ఆ గట్టిదనాన్ని బయటి సాక్ష్యాలతో పరీక్షించిన సందర్భాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గ్లోమార్ ఛాలెంజర్ ఓడ మూడో యాత్ర. 1968 డిసెంబరులో డాకార్ నుంచి బయల్దేరి దక్షిణ అట్లాంటిక్ అడుగున వరుసగా బావులు తవ్వుతూ రియో డి జనీరో చేరింది. సముద్రం మధ్యలోని పర్వతశ్రేణి దగ్గర కొత్త నేల పుట్టి రెండు వైపులకూ జరుగుతోందన్నది అప్పటికి వాదనలో ఉన్న సిద్ధాంతం. సముద్రపు నేల రాళ్లలో అయస్కాంత దిశ మారుతూ ఏర్పడిన చారలను బట్టి, ఒక్కో వైపుకు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్ల వేగమని అంతకుముందే లెక్క వేసి ఉంచారు. ఓడ మీది సూక్ష్మశిలాజ నిపుణులు ఆ లెక్కతో సంబంధం లేకుండా, సముద్రపు నేలగా గడ్డకట్టిన లావారాయి బసాల్టుకు ఆనుకుని ఉన్న మొట్టమొదటి మట్టిలోని ఫొరామినిఫెరాను, కోకోలిత్‌లను చూసి వయసులు రాశారు. శ్రేణి నుంచి దూరం పెరిగేకొద్దీ ఆ వయసులు ఒకే నిష్పత్తిలో పెరిగాయి. కాగితం మీద గీస్తే సరళరేఖ వచ్చింది. అయస్కాంతత్వానికీ గుల్లల ఆకారాలకూ ఏ చుట్టరికమూ లేదు. రెండూ ఒకే గీత మీద కూర్చున్నాయంటే దానికి ఒకే వివరణ ఉంది: రెండూ నిజమైన కాలాన్నే చదువుతున్నాయి.

ఇటలీలోని గుబ్బియో పట్టణం దగ్గరి కనుమలో మరో సాక్ష్యం ఉంది. ఎర్రని సున్నపురాయి దొంతరలో ఒక చోట సెంటీమీటరు మందాన బంకమట్టి. దాని కింది రాతిలో పెద్ద పెద్ద, అలంకారపు అంచుల గ్లోబోట్రుంకానా అనే ఫొరామినిఫెరా గుల్లలు. దాని పైన ఇసుక రేణువుల్లాంటి బుల్లి గుల్లలు తప్ప ఏమీ లేవు. ఆ బుల్లి గుల్లల్లో ఒకదానికి 1964లో హాన్స్‌పీటర్ లూటర్‌బాకర్, ఇసబెల్లా ప్రెమొలి సిల్వా ఆ ఊరి ప్రాచీన నామాన్నే పేరుగా పెట్టారు. క్రెటేషియస్ యుగం ముగిసింది ఆ సెంటీమీటరులోనని చెప్పింది సూక్ష్మశిలాజమే. తరువాత అమెరికా శాస్త్రవేత్తలు అల్వారెజ్ తండ్రీకొడుకులు, వారి సహచరులు ఆ బంకలో భూమి పైపొరలో అరుదైన ఇరిడియం అనే లోహం అసాధారణంగా ఎక్కువగా ఉందని కనుగొని, అది గుబ్బియోకు మాత్రమే పరిమితం కాదని చూపడానికి డెన్మార్కు, న్యూజిలాండు గట్ల నుంచి కూడా నమూనాలు తీసుకున్నారు. గ్రహశకలం ఢీకొన్నదన్న వారి 1980 నాటి పత్రం అందరికీ తెలిసినదే. కానీ డెన్మార్కులో ఏ గట్టులో, ఏ సెంటీమీటరులో వెతకాలో వారికి ఎలా తెలిసింది? అక్కడి సరిహద్దును అంతకుముందే శిలాజాలు గుర్తించి ఉంచాయి. శిలాజాలు సమకాలమని చెప్పిన మూడు చోట్లా ఇరిడియం బయటపడింది. ఈ కథ చెప్పేటప్పుడు ఆకాశం నుంచి పడిన రాయిని అందరూ తలుస్తారు, చోటు చూపిన గుల్లను తలవరు. ఆ లోటు నన్ను బాధిస్తుంది.

యంత్రం ఇచ్చే సంవత్సరాల అంకెను నేను చిన్నచూపు చూడడం లేదు. అగ్నిపర్వత బూడిదలోని జిర్కాన్ స్ఫటికంలో యురేనియం సీసంగా మారిన నిష్పత్తిని కొలిస్తే వచ్చే వయసు అద్భుతమైన కచ్చితత్వం గలది. చైనాలోని మెయిషాన్ గట్టులో పర్మియన్, ట్రయాసిక్ యుగాల సరిహద్దు దీనికి చక్కని ఉదాహరణ. అక్కడ 25వ, 28వ పొరలు రెండూ బూడిద పొరలు. వాటి జిర్కాన్ల వల్లనే ఆ సరిహద్దు 25.19 కోట్ల ఏళ్ల నాటిదని చెప్పగలుగుతున్నాం. అయినా 2001లో ఆ సరిహద్దును ప్రపంచ ప్రమాణంగా ఆమోదించినప్పుడు గీత గీసింది బూడిద దగ్గర కాదు. రెండు బూడిదల మధ్యనున్న 27వ పొరలో, హిండియోడస్ పార్వస్ అనే కొనొడాంట్ మొదట కనిపించే చోట. కారణం సులభమే. మెయిషాన్‌లో పడిన బూడిద ప్రపంచమంతటా పడలేదు. ఆ చిన్న పంటిలాంటి శిలాజం మాత్రం ఎన్నో దేశాల రాళ్లలో ఉంది. బూడిద లేని చోటికి కాలాన్ని మోసుకెళ్లగలిగింది అదే. ఇసుకరాతిలో దొరికే జిర్కాన్లతో ఈ పని జరగదు. అవి ఎక్కడో కొండ అరిగి కొట్టుకొచ్చినవి. వాటి వయసు ఆ కొండది, ఇసుక పేరుకున్న రోజుది కాదు. ఇసుక అంతకన్నా పాతది కాదని మాత్రమే అవి చెప్పగలవు.

కొనొడాంట్ల మాట వచ్చింది కనుక ఒక్క విషయం. కాల్షియం ఫాస్ఫేటుతో చేసిన ఈ పళ్లలాంటి ముక్కలను 1856లో క్రిస్టియన్ పాండర్ వర్ణించాడు. కేంబ్రియన్ నుంచి ట్రయాసిక్ చివరి వరకు, దాదాపు 30 కోట్ల ఏళ్ల రాళ్లను వీటితో వరసపెట్టవచ్చు. సున్నపురాయిని పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగిస్తే అడుగున ఇవి మిగులుతాయి. అయితే ఇవి ఏ జంతువు పళ్లో 1983 దాకా ఎవరికీ తెలియదు. ఆ ఏడు ఎడిన్‌బరో దగ్గరి పొర నుంచి వచ్చిన ఒక రాతి పలక మీద ఈల్‌చేప వంటి మెత్తని ఒంటి ముద్రను, దాని తల దగ్గర ఈ పళ్లను ముగ్గురు శాస్త్రవేత్తలు ప్రచురించారు. అంటే 127 ఏళ్లపాటు ఆ పళ్ల సొంతదారు ఎవరో తెలియలేదు; అయినా ఆ లోపే వాటితో ప్రపంచమంతటా పొరలను సరిగ్గా జతపరిచారు. కాలనిర్ణయానికి జీవశాస్త్ర సిద్ధాంతం పునాది కాదనీ, గమనించిన వరసే పునాది అనీ చెప్పడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు దొరకలేదు.

పద్ధతి ఎక్కడ తడబడుతుందో చెప్పకుండా దాని పక్షాన మాట్లాడడం నిజాయితీ అనిపించుకోదు. పాత రాయి అరిగి, దానిలోని గుల్ల కొత్త మట్టిలోకి చేరుతుంది. అప్పుడు మట్టి ఉన్నదానికన్నా పాతదిగా కనిపిస్తుంది. బోరుబావిలో పై గోడలు విరిగి అడుగు ముక్కలతో కలిసి వస్తాయి. అప్పుడు పొర ఉన్నదానికన్నా కొత్తదిగా కనిపిస్తుంది. అందువల్లనే బావి నమూనాల్లో, ఒక జాతి మొదట పుట్టిన చోటు కన్నా, పైనుంచి దిగుతున్నప్పుడు అది మొదటిసారి ఎదురైన లోతును, అంటే ఆ జాతి చివరిసారిగా బతికిన చోటును, ఎక్కువగా నమ్ముతాం; దానికి కింద కనిపించేవి జారిపడినవి కావచ్చు. సముద్రపు అడుగున బతికే జాతులు లోతును, బురద స్వభావాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి. అవి మాయమైతే కాలం మారిందనుకోకూడదు, నీళ్లు మారి ఉండవచ్చు. తేలియాడే జాతి కూడా వెచ్చని నీళ్లలో పుట్టి చల్లని నీళ్లకు ఆలస్యంగా చేరవచ్చు. ఒక్క జాతి మీద భారం వేయకుండా, కలిసి కనిపించే గుంపును, కనీసం రెండు వర్గాల శిలాజాలను అడగాలన్న నియమం వీటన్నిటి నుంచి పుట్టింది.

ఈ నియమం ఎంత విలువైనదో ఉప్పు కొండల వివాదం చూపింది. ఇప్పటి పాకిస్తాన్ పంజాబులోని సాల్ట్ రేంజ్‌లో, ట్రైలోబైట్లు (అంతరించిన సముద్రజీవులు) దొరికే, సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి కేంబ్రియన్ రాళ్లకు కింద మందమైన ఉప్పు పొరలున్నాయి. ఉప్పు కిందనుంది కనుక కేంబ్రియన్‌దో అంతకన్నా పాతదో కావాలని క్షేత్రంలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త ఇ. ఆర్. జీ వంటివారు అన్నారు. పురావృక్ష శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని ఆ ఉప్పును, దాని మట్టిని, డోలమైటును కరిగించి సూక్ష్మదర్శిని కింద చూస్తే చెక్క కణాలు, ఆకుల పైపొర తునకలు, కీటకాల అవశేషాలు కనిపించాయి. కేంబ్రియన్‌లో చెట్లే లేవు. కనుక ఉప్పు ఇయోసీన్‌దనీ, పాత రాళ్లు భూచలనాల వల్ల దాని మీదికి జరిగి వచ్చాయనీ ఆయన 1940లలో గట్టిగా వాదించారు. ఆయన అజాగ్రత్తపరుడు కాదు. పురావృక్షశాస్త్రంలో ఆయనంత పనిచేసినవారు అరుదు. అయినా ఈ రోజు ఆ ఉప్పు ప్రీకేంబ్రియన్ చివర, కేంబ్రియన్ మొదట్లో ఏర్పడినదని అంగీకరిస్తున్నారు. ఆ తునకలు తరువాతెప్పుడో చొరబడినవి. ఉప్పు నీటికి కరిగి, మళ్ళీ స్ఫటికంగా గడ్డకట్టే పదార్థం. పగుళ్లలో దిగిన నీటితో వచ్చినదాన్ని తనలో మూసేసుకోగలదు. సూక్ష్మశిలాజం ఎంత చిన్నదైతే దానికి దారులు అన్ని ఎక్కువ. ఈ వివాదం చదివిన ప్రతిసారీ నా జల్లెడలోని ఆ గోళం గుర్తొస్తుంది.

ప్రమాదం ప్రకృతి నుంచే రానక్కరలేదు. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 1989లో నేచర్ పత్రికలో, హిమాలయాల నుంచి సేకరించినవంటూ ఏళ్ల తరబడి ప్రచురితమైన శిలాజాల్లో చాలావాటిని వేరే దేశాలవిగా అనుమానించవలసి ఉందని రాశాడు. వాటిలో న్యూయార్కు రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్ దగ్గరివనిపించే కొనొడాంట్లు కూడా ఉన్నాయి. గుల్ల నిజమైనదే, పేరు సరైనదే. అది ఎక్కడి రాతిదన్న మాటే చెడింది. పొరలను జతపరిచే శాస్త్రంలో నమూనా మీద అతికించిన చీటీ కూడా శిలాజమంత ముఖ్యమైన సాక్ష్యం. అది అబద్ధమైతే దాని మీద గీసిన పటాలన్నీ కూలుతాయి.

ఈ రోజుల్లో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఇవేవీ కావు, ఆకారాలను గుర్తుపట్టి పేరు పెట్టే విద్య పలచబడడం. ఉత్తర సముద్రపు చాక్ (మెత్తని తెల్ల సున్నపురాయి) పొరల్లో అడ్డంగా సాగే చమురు బావిని, కొద్ది మీటర్ల మందం గల పొర దాటిపోకుండా, అప్పటికప్పుడు కోకోలిత్‌లు చూసి నడిపిస్తారు. ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య సొరంగానికి తగిన మెత్తని చాక్ మార్ల్ ఎక్కడెక్కడ దిగి లేస్తుందో కనిపెట్టడానికి ఫొరామినిఫెరా వాడారు. ఇంత అవసరమైన పని చేసేవారిని తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లకు ఖర్చు పెట్టేవారు తగ్గుతున్నారు. బొమ్మలు చూసి జాతి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాములు వస్తున్నాయి, వాటిని నేను స్వాగతిస్తాను. అయితే అవి నేర్చుకునేది ఎవరో ఒకరు ఇంతకుముందు పేరు పెట్టిన బొమ్మల నుంచే. ఆ పేరు తప్పయితే యంత్రం అదే తప్పును అలసట లేకుండా లక్ష సార్లు చేస్తుంది.

అందుకే, నా చేతికి వచ్చే నివేదికల్లో జాతుల పేర్ల పట్టిక మాత్రమే ఉండి బొమ్మలు లేకపోతే, వాటి వయసును నేను పూర్తిగా స్వీకరించను. ఆ పేరు పెట్టినవారు ఏమి చూశారో నేనూ చూడాలి. నమూనా గట్టు నుంచి తీసినదా, బావి ముక్కా, బావి నుంచి స్తంభంలా కోసి తీసిన కోర్ రాయా. గుల్లలు చెక్కుచెదరకుండా ఉన్నాయా, అరిగి తుప్పురంగుకు తిరిగాయా. ఆ జాతి ఒక్కటి దొరికిందా, వంద దొరికాయా. ఇవన్నీ రాసి ఉండాలి. స్లైడ్లను పారేయకుండా భద్రపరచాలి. నేను విద్యార్థిగా ఏరిన ఆ నమూనా స్లైడు ఇప్పటికీ నా దగ్గరుంది. అరవై గళ్లలో మొరొజొవెల్లాలు, చివరి గడిలో ఒంటరిగా ఆర్బులినా. దాని పక్కన పెన్సిలుతో రాసుకున్నాను: "ఈ రాతిది కాదు, జల్లెడది."